సాధనను చూపని చిత్రములు

రాక్ సంగీతమనగానే మన పెద్దలు చెవులు మూసికొందురు. 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో ఐరన్ మెయిడెన్ బృందములు మన బెంగళూరు ప్యాలెస్ మైదానమున పాడినప్పుడు, పిల్లలు చెడిపోవుచున్నారని వాపోయినవారు మనలో లేకపోలేదు. ఆ పాట నచ్చకపోవచ్చును. అది రుచికి సంబంధించిన మాట. కాని అట్టి బృందములపై పాశ్చాత్యులు తీసిన చిత్రములను చూచి మనము సిగ్గుపడవలసినది చాల కలదు.

బీటిల్స్ బృందమునే తీసికొందము. 1969 జనవరిలో ఆ నలుగురు యువకులు క్రొత్త పాటలు కట్టుకొనుచుండగా మైకేల్ లిండ్సే-హాగ్ చిత్రించెను. అందు కొంత 1970లో 'లెట్ ఇట్ బి' యను పేర వెలువడెను. మిగిలినదానిని వారు పారవేయలేదు. సుమారు 60 గంటల ఆ చిత్రమునుండియే పీటర్ జాక్సన్ 2021లో దాదాపు 8 గంటల 'గెట్ బ్యాక్'ను కూర్చెను. అందేమున్నది? ఆవులింతలు, టీ కప్పులు, తప్పిన స్వరములు, తగవులు. జార్జి హారిసన్ విసిగి లేచిపోవును. కొన్నాళ్లకు మరల వచ్చును. పాల్ మెకార్ట్నీ తీగలు మీటుచు, మాటలు కుదరని కూనిరాగమునుండి ఒక పాటను మన కన్నులయెదుటనే పుట్టించును. రోలింగ్ స్టోన్స్ మీది 'గిమ్మీ షెల్టర్' (1970) ఇంకను కఠినమైనది. 1969 డిసెంబరులో తమ కచేరీలోనే ప్రేక్షకుడొకడు హత్యకు గురియైన దృశ్యమును మిక్ జాగర్ చిన్న తెరపై చూచుచుండుట అందు కనిపించును. తమ అపకీర్తిని సైతము వారు దాచుకొనలేదు.

మరి మనమో! 1946లో నాగయ్యగారు 'త్యాగయ్య' తీసిరి. 1981లో బాపుగారు సోమయాజులుగారితో మరల తీసిరి. 1997లో 'అన్నమయ్య' వచ్చినది. నాగయ్యగారి కంఠమునకు చేతులు జోడింతును. అయినను ఈ చిత్రములలో మనము చూచినది భక్తునే కాని పాట కట్టువానిని కాదు. దేవుడు దిగివచ్చును, మనకు కన్నీరు వచ్చును. ఒక సంగతి తరువాత ఒక సంగతి ఎట్లు పెరిగినదో, ఏ పదము రాగమున ఒదుగక ఎంత బాధించినదో ఎవరికి కావలెను?

త్యాగరాజస్వామి కాలమున కెమెరా లేదందురేమో. నిజమే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కాలమున లేదా? ఆయన 1893లో ఈ బెంగళూరుననే జన్మించి 1964 వరకు జీవించిరి. ఊరిపేరునే ఇంటిపేరువలె ధరించిన బెంగళూరు నాగరత్నమ్మగారు, 1910లో ముద్దుపళని కావ్యమును అచ్చువేయించిన సాహసి, తమ ధనముతో తిరువయ్యారున త్యాగరాజస్వామికి గుడి కట్టించిన దాత, 1952 వరకు ఉండిరి. 'త్యాగయ్య' వచ్చినప్పుడు ఇద్దరును సజీవులే! త్యాగయ్య వేషము తెర నిండినది. ఆయన పాటకు జీవితము ధారవోసిన ఆ యిరువురు శిష్యునికి పాఠము చెప్పుచుండగా తీసిన చిత్రమును మనలో ఎందరు చూచితిమి?

నేడు ప్రతి చేతను కెమెరా కలదు. మనమో, ఉగాది సభలో విద్వాంసునికి శాలువ కప్పు ముహూర్తమునే చిత్రింతుము. అందును కార్యదర్శిగారి ముఖమే స్పష్టముగా పడును. వచ్చే ఉగాదికి విద్వాంసుని పిలుచు సంఘమువారు, ముందునాడు ఆయన బసకు కెమెరా పంపుదురు గాక. ఆయన శ్రుతి చేసికొనుటను, మృదంగ విద్వాంసునితో వాదులాడుటను, కుదరని పల్లవిని పదిమారులు పాడుటను తీయుడు. ఆయన అభ్యంతరపెట్టినచో బతిమాలుడు.