రెక్కల మాట చాలు, గంటల మాట మాట్లాడదాం

మన కవిత్వంలో స్త్రీ ఎగరడం మొదలుపెట్టి చాలా కాలమైంది. రెక్కలు తెగ్గొట్టారని రాశాం, రెక్కలు మొలిచాయని రాశాం, పంజరం వదిలి వెళ్ళిపోయామని రాశాం. ఆ ప్రతీక ఒకప్పుడు మనకు అవసరమైంది, కాదనను. కానీ నిజంగా విమానం నడపడం నేర్చుకుంటున్న ఆడపిల్లకి అది ఏం చేస్తోందన్న ప్రశ్న మనం వేసుకోలేదు. సాయం చేయడం లేదు సరికదా, ఆమెని వెనక్కి నెట్టేవాళ్ళ మాటకే బలమిస్తోందని నా ఆరోపణ.

మా చిన్నమ్మ కూతురు రెండు సీట్ల సెస్నా 152 మీద శిక్షణ తీసుకుంటోంది. పైకి లేవడం ఆమెకి పెద్ద కష్టం కాలేదు. ఇంజను పూర్తి శక్తితో తిరిగేటప్పుడు విమానం ఎడమకి లాగుతుంది, కుడికాలితో రడ్డర్ తొక్కి సరిచేయాలి. అది త్వరగానే కాలికి అలవాటయింది. దిగడమే రాలేదు. నేల కొద్ది అడుగుల దూరంలో ఉండగా చూపు రన్‌వే చివర నిలిపి, విమానం ముక్కుని మెల్లగా ఎత్తి పట్టుకోవాలి. తొందరపడి లాగితే విమానం మళ్ళీ పైకి తేలి, వేగం పోయి, దభీమని పడుతుంది. ఆలస్యం చేస్తే ముందుచక్రం నేలకి కొట్టుకుంటుంది. పుస్తకం చదివితే వచ్చేది కాదు ఇది. దిగి, మళ్ళీ లేచి, చుట్టు తిరిగొచ్చి, మళ్ళీ దిగి నేర్చుకోవాల్సిందే.

ఆమెతోపాటు నేర్చుకుంటున్న అబ్బాయి విమానమూ అలాగే నేలమీద గెంతింది. శిక్షకుడు అతనితో "తొందరగా లాగావు, ఇంకో రౌండు కొట్టు" అన్నాడు. అదే తప్పుకి ఆమెతో "నీకు భయమమ్మా, ఆడపిల్లలకి ఇది కష్టం" అన్నాడు. తప్పు ఒకటే. అతనిది చేతి పొరపాటు, ఆమెది పుట్టుక లోపం. చేతి పొరపాటు ఇంకో రౌండుతో పోతుంది. పుట్టుక లోపం ఎన్ని రౌండ్లు కొడితే పోతుంది?

రెక్కల ప్రతీకను నిలదీయాల్సింది ఇక్కడే. రెక్కలు పుట్టుకతో వస్తాయి. పక్షి గంటకింతని ఫీజు కట్టదు. ఎగరడం గుండెలో ఉండే గుణమని, ధైర్యమున్న స్త్రీ ఎగురుతుందని మనం రాస్తే, దిగడం ఇంకా రాని పిల్లకి ధైర్యం లేదనే కదా అర్థం? శిక్షకుడు అన్నదీ అదే. అతను తిట్టుగా అన్నాడు, మనం పొగడ్తగా రాశాం, అంతే తేడా.

సరళా ఠక్రాల్ 1936లో చీరకట్టుతో జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపిందని మురిసిపోతాం. తర్వాత ఏమైంది? ఆమె కమర్షియల్ లైసెన్సు కోసం శిక్షణ పొందుతుండగా, 1939లో పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో చనిపోయాడు. యుద్ధం వచ్చి పౌర శిక్షణ ఆగిపోయింది. ఆమెకి ధైర్యం తగ్గలేదు, శిక్షణ దొరకలేదు. మన హైదరాబాదు పాతబస్తీ బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా 2013లో కమర్షియల్ లైసెన్సు సంపాదించింది. ఆ తర్వాత కూడా పెద్ద విమానాలు నడిపే శిక్షణకి ప్రభుత్వ సాయం కావలసి వచ్చింది. పత్రికలు మాత్రం ఆమె హిజాబ్ గురించి, ఆత్మవిశ్వాసం గురించి రాశాయి. లక్షల లెక్క వార్తలో చివరి పేరా అయింది.

మన దేశ పైలట్లలో స్త్రీల శాతం ప్రపంచ సగటుకి రెట్టింపు పైనే కదా, ఇంకా ఫిర్యాదేమిటని అడిగేవాళ్ళున్నారు. ఆ లెక్క లైసెన్సు చేతికొచ్చినవాళ్ళది. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. ముప్ఫై గంటల దగ్గరో నలభై గంటల దగ్గరో మానేసిన పిల్లలు అందులో లేరు. ప్రతి గంటకీ వేలు ఖర్చవుతాయి. కొడుకు నిదానంగా నేర్చుకుంటే ఇంట్లో అది పెట్టుబడి. కూతురు నిదానంగా నేర్చుకుంటే పెళ్ళి డబ్బు కరిగిపోతున్నట్టు. దళిత, ముస్లిం పిల్లల ఇళ్ళలో చాలాసార్లు ఆ కరిగే డబ్బు కూడా ఉండదు. నిదానంగా నేర్చుకునే హక్కు కూడా ఆస్తిలాగే కొందరికే దక్కుతోంది.

కాబట్టి అడగాల్సింది మెచ్చుకోళ్ళు కాదు. మధ్యలో మానేసిన ఆడపిల్లలెందరో, ఎందుకు మానేశారో ప్రతి శిక్షణ సంస్థా లెక్క చెప్పాలి. ప్రభుత్వ సాయం మొదటి గంట నుంచే అందాలి, లైసెన్సు వచ్చి పత్రికల్లో పడ్డాక కాదు. తప్పుని తప్పుగా దిద్దే శిక్షకులు కావాలి, వాళ్ళలో స్త్రీలు ఎక్కువమంది ఉండాలి.

రాసేవాళ్ళం మనం కూడా ఒక పని చేయాలి. విమానం గెంతిన రోజుని, రడ్డర్ తొక్కి తొక్కి నొప్పెట్టిన పిక్కని, ఫీజు రసీదుని కవిత్వంలోకి రానిద్దాం. మా చెల్లెలు ఇంకా దిగడం నేర్చుకుంటూనే ఉంది. ఆమెకి కావలసింది ఇంకో ఇరవై గంటలు.