పేరుకి 1/70 లేదు

భూమి పోగొట్టుకున్నది చాలు. ఇప్పుడు పేరు కూడా పోతే ఊరుకుందామా?

కవరు మీద అడ్రస్ ఎలా రాస్తాం? పేరు, ఊరు, చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా. చిన్నదాంతో మొదలెట్టి పెద్దదాంతో ముగిస్తాం. వెబ్ అడ్రస్సూ అంతే. చివరనున్న 'డాట్ ఇన్' దేశం. దానికి ముందున్నది మనం రిజిస్టర్ చేసుకునే పేరు. పోస్టోళ్లు ముందు జిల్లా, తర్వాత ఊరు చూసినట్టే, ఇంటర్నెట్ కూడా చివర్నుంచి వెనక్కి చదువుతూ దారి వెతుక్కుంటుంది.

మరి ఆ పేరు ఎవరిది? 2005 నుంచి 'డాట్ ఇన్' అందరికీ తెరిచారు. ముందొచ్చినోడిదే పేరు. సవర, జాతాపు, గదబ... ఏ తెగ పేరైనా ఖాళీగా ఉంటే చాలు, ఏటా డబ్బు కట్టి ఎవడైనా తీసుకోవచ్చు. ఆ తెగని అడగాలన్న రూలు లేదు. ట్రేడ్‌మార్కుకి ఉన్న రక్షణ డొమైన్ పేరుకీ ఉంటుందని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అది వ్యాపారం చేసేవాడికి అండ. తెగకి ట్రేడ్‌మార్కు ఎక్కడుంది?

"దీనికింత గొడవేటి?" అనేవాళ్లు అమెజాన్ సంగతి వినాలి. 2012లో ఆ కంపెనీ 'డాట్ అమెజాన్' తనకే కావాలంది. అది ఎన్నో ఆదివాసీ తెగలు బతికే నది పేరు, అడవి పేరు. బ్రెజిల్, పెరూ ప్రభుత్వాలు అడ్డుపడ్డాయి. అయినా 2019లో, ప్రపంచమంతా ఈ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ కంపెనీకే దారిచ్చింది. దేశాల మాటే చెల్లలేదు, మన గూడెం మాట ఎవరు వింటారు?

భూమికైతే 1/70 ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి పేరున భూమి బదిలీ చెల్లదు. 1997లో సమత తీర్పు ఆ రక్షణని ఇంకా గట్టి చేసింది. మైదానంలో ఉన్న చీపురుపల్లికి ఆ చట్టం లేదు. ఇంటర్నెట్ మొత్తం మనకి మైదానమే.

అందుకే మన డిమాండ్ ఇది: తెగల పేర్లని 'డాట్ ఇన్'లో, 'డాట్ భారత్'లో ఆ తెగలకే కేటాయించాలి. వాళ్ల సమ్మతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

అప్పటిదాకా చేతులు కట్టుకు కూర్చోవద్దు. సోషల్ మీడియా పేజీ అద్దె ఇంట్లో అరుగు లాంటిది, ఓనరు ఎప్పుడైనా లెమ్మంటాడు. సంఘానికి సొంత డొమైన్ తీసుకోండి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరున కాదు, సంఘం పేరున. పాస్‌వర్డ్ ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి. గడువు తేదీ మీటింగు పుస్తకంలో రాయాలి. రెన్యువల్ మరిచిపోతే ఆ పేరు మళ్లీ సంతలోకి వెళ్లిపోద్ది.

పట్టా మీద పేరు ఎవరిదో చూసుకోవడం మన పెద్దలు దెబ్బలు తిని నేర్చుకున్నారు. డొమైన్ మీద పేరు ఎవరిదో ఈరోజే చూడండి.

జోహార్!