ఆస్థాన కవి: హోదా సరే, పని ఏది?

2020 డిసెంబరులో, అసెంబ్లీ ఎన్నికల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాల వారసులకు అది గర్వకారణమే. కానీ హోదాకు ఒక ఉత్తర్వు చాలు. భాష నిలవాలంటే బడి, పంతులు, పుస్తకం కావాలి.

ఈ తేడా తెలుగు ప్రభుత్వాలకూ కొత్త కాదు. ఆస్థాన కవి పదవి కథే అందుకు సాక్ష్యం.

మద్రాసు ప్రభుత్వం 1949లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిని ఆస్థాన కవిగా నియమించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. తర్వాత శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, కాశీ కృష్ణాచార్యులు, విశ్వనాథ సత్యనారాయణ ఆ గౌరవం పొందారు. నిజాంను ధిక్కరించి జైలుకు వెళ్లిన దాశరథి 1977లో ఆస్థాన కవి అయ్యారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవినే ఎత్తేసింది.

లోటు కవుల్లో లేదు, పదవిలో ఉంది. పేరులోనే రాచరికపు వాసన. రాజే లేనప్పుడు ఆస్థానం ఎవరిది? ప్రజలకు కనిపించే పనేదీ పదవికి అంటుకోలేదు కాబట్టి, అది పోయినప్పుడు ప్రజలకు పోయిందేమిటో తెలియలేదు.

అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆస్థాన కవిని ఎంపిక చేస్తుంది. గడువు ఏడాది, పొడిగించవచ్చు. 1997లో ఆ పదవిలోకి వచ్చిన రాబర్ట్ పిన్‌స్కీ, సామాన్యులు తమకు నచ్చిన కవితను తామే చదివి వినిపించే కార్యక్రమం నడిపారు. బ్రిటన్ కూడా జీవితకాల పదవిని 1999 నుంచి పదేళ్లకు కుదించింది. గడువుంటే పదవి ఒకరి సొత్తు కాదు. పనుంటే అది అలంకారం కాదు.

అవార్డులు చాలవా అంటే, చాలవు. తెలంగాణ ఏటా ఇచ్చే దాశరథి పురస్కారం లాంటివి జరిగిన కృషికి గుర్తింపు. జరగాల్సిన పనికి మనిషి కావాలి.

ఆ పదవిని తిరిగి తెస్తే పాలకుల పొగడ్తకు కాక, రెండేళ్ల గడువుతో, మంత్రుల ప్రమేయం లేని ఎంపికతో తేవాలి. ఖరగ్‌పూర్, బరంపురం, బళ్లారి లాంటి ఊళ్లలో తెలుగు పిల్లలకు పద్యం చేర్చడం ఆ కవి మొదటి బాధ్యత కావాలి. సొంత రాష్ట్రంలో బడి భాషగానే తెలుగు తడబడుతుంటే, మరో రాష్ట్రం ఇచ్చిన హోదాకు చప్పట్లు కొట్టి ఊరుకోలేం.