పట్టాలు మన యూర, పటము వేఱొక యూర

నగరములకు నిధులు పంచుటలో కేంద్ర ప్రభుత్వము ఒక గీత గీచినది. 2024 జూలైలో పార్లమెంటు ముందుంచిన బడ్జెటునందు, 30 లక్షలకు మించిన జనాభాగల 14 మహానగరములకు రవాణా కేంద్రముల చుట్టును అభివృద్ధి ప్రణాళికలు రచించెదమనియు, వానిని అమలుపఱచుటకును ధనము సమకూర్చుటకును మార్గము నిర్ణయించెదమనియు ఆర్థికమంత్రి ప్రకటించిరి. 2011 జనాభా లెక్కల ననుసరించి చూడగా నేటి ఆంధ్రప్రదేశమున అట్టి నగర మొక్కటియు లేదు. విశాఖపట్టణమే ఆ గీతను అందుకొనజాలనప్పుడు లక్షకు పైబడిన శ్రీకాకుళమును, రెండు లక్షలకు పైబడిన విజయనగరమును తలంచువా రెవ్వరు?

ఈ ప్రణాళిక యననేమో ముందుగా చెప్పవలసియున్నది. ఆంగ్లమున దీనికి ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్ అని పేరు. పేరు బరువైనదే కాని భావము సులభము. రైలు స్టేషనునకో, బస్సు కాంప్లెక్సునకో నడచిపోగల దూరమున ఇండ్లు, అంగళ్లు, బడులు, కచేరీలు కలసియుండునట్లు ఊరిని కూర్చుకొనుటయే అది. 2017లో కేంద్రము ప్రకటించిన జాతీయ విధానము ఈ దూరమును 500 మొదలు 800 మీటర్ల వఱకని చెప్పినది. అనగా పది పండ్రెండు నిమిషముల నడక. కూలికి పోవువాడు తన కూలిలో సగము ఆటోకు ధారపోయకుండ బండి యెక్కగలుగవలెను. అంతకంటె ఇందులో మర్మము లేదు.

ఇక మన సంగతి చూడుడు. శ్రీకాకుళ పట్టణమునకు రైలు స్టేషను లేదు. పొరుగు జిల్లాలవారు ఈ మాట నమ్మరు. టిక్కెట్టుపై శ్రీకాకుళం రోడ్డు అని చదివికొని దిగినవారు, తాము దిగినది ఆమదాలవలసయని తెలిసి తెల్లబోవుదురు. 1890 దశకమున తూర్పుకోస్తా రైలుమార్గము వేసినప్పుడు పట్టాలు నాగావళి యొడ్డునున్న ఊరిని విడిచి దూరముగా పోయినవి. నాటినుండి, నూటముప్పది యేండ్లుగా, మన జనులు రైలు చార్జికి తోడు పదికి పైచిలుకు కిలోమీటర్లకు వేఱుగా కిరాయి చెల్లించుచునే యున్నారు. అర్ధరాత్రి బండిదిగిన ఆడుది చంటిబిడ్డతో తెల్లవాఱువఱకు బల్లపై కూర్చుండుటో, అడిగినంత యిచ్చి ఆటో యెక్కుటో చేయవలయును. ఊరొక మునిసిపాలిటీ, స్టేషనొక మునిసిపాలిటీ, నడుమనున్న బాట పల్లెలది. ఆ బాటకిరువైపుల పొలములు ప్లాట్లుగా కోయబడుచుండ, ఇచట బస్సు ఎన్ని నిమిషముల కొకటి నడువవలెను, నడచువారికి దారి యెక్కడ, ఆమదాలవలసలో మూతపడిన చక్కెర కర్మాగారపు నేల ఎవరి కుపయోగపడవలెను అను ప్రశ్నలను కలిపి విచారించు సభ ఎక్కడనున్నది?

విజయనగరపు కథ వేఱు, బాధ యొక్కటే. ఇది జంక్షను. 1931లో రాయపూరు మార్గము పూర్తియైనది మొదలు రెండు ప్రధాన మార్గము లిచట కలియుచున్నవి. అయినను ఈ యూరి పటము 1978లో ఏర్పడిన వుడా చేతను, 2018లో దానిస్థానమున వచ్చిన వీఎంఆర్‌డీఏ చేతను, విశాఖపట్టణమున గీయబడినదే. 2041 వఱకు వర్తించునట్లు రచించిన బృహత్ప్రణాళిక ముసాయిదా 2021లో వెలువడగా ఆక్షేపణలు విరివిగా వచ్చినవన్న ముందుగా అడుగవలసినవారిని అడుగలేదనియే గదా అర్థము! విశాఖ మెట్రో రెండవ దశలో కొమ్మాది నుండి భోగాపురము విమానాశ్రయము వఱకు సుమారు 30 కిలోమీటర్ల మార్గము ప్రతిపాదింపబడినది. భోగాపురము విజయనగరము జిల్లాలోనిది. ఆ విమానాశ్రయమునకు 2019లో ఒకసారి, 2023లో మఱియొకసారి శంకుస్థాపన జరిగినది. రెండు శంకుస్థాపనల నడుమ అచటి ఎకరము వెల యెన్ని మెట్లెక్కినదో దళారులు చెప్పగలరు. గంటస్తంభమునొద్ద కాయగూరలు తెచ్చి యమ్ముకొను పల్లెపడుచు ఆ పట్టాలవలన ఏమి బాగుపడునో చెప్పగలవాడు కానరాడు.

చిన్న యూళ్లకు మెట్రో లేదు, కావున ప్రణాళిక యేల యని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఈ వాదము తలక్రిందులుగా నున్నది. మహానగరమునందు కట్టవలసినదంతయు ఇదివఱకే కట్టబడినది. అచట గోడ కదల్చినచో నష్టపరిహారము, వ్యాజ్యము. మా వృత్తివారికి అది పండుగయే కాని పురజనులకు కాదు. ఇంకను పొలముగా నున్నచోట గీచిన గీతకు సిరా ఖర్చు మాత్రమే యగును. ఇంతియకాదు. 2025 బడ్జెటులో లక్షకోట్ల రూపాయల అర్బన్ చాలెంజ్ ఫండు ప్రకటింపబడినది. పథకపు వ్యయములో నాల్గవవంతు వఱకు కేంద్రమిచ్చునట. సగమునకు తక్కువ కాకుండ బాండ్లు, బ్యాంకు ఋణములు, ప్రయివేటు భాగస్వామ్యముల మూలమున తేవలయునట. చేత ప్రణాళిక లేని పురమునకు ఏ బ్యాంకు అప్పిచ్చును? ప్రణాళికకు ధనమీయక, ప్రణాళిక చూపినవానికే ధనమిత్తుననుట బావికి చేదనీయక నీళ్లు తోడుకొమ్మనుటవంటిది. అమెరికా దేశమున 2012 నాటి చట్టము ననుసరించి, కొత్త రవాణా మార్గములు వేయు ప్రాంతములకు ఇట్టి ప్రణాళికా రచనకే ప్రత్యేకముగా ఫెడరల్ గ్రాంటు లిచ్చుచున్నారు. పట్టాలకు ముందు పటము, పటమునకు ముందు ప్రజల మాట యను వరుస అచట కొంతవఱకైనను పాటింపబడుచున్నది.

ప్రజల మాట యనగానే మన కచేరీలకు తోచునది నోటీసు బోర్డు. ఎదుటివాని మాట వినక తీర్పు చెప్పరాదని న్యాయస్థానమున చోరునికైనను వర్తించు ధర్మము, తన యింటిముందు నూరడుగుల బాట గీయబడిన గృహస్థునకు వర్తింపదా? 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చినది. పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికయే. 2014 నాటి వీధి విక్రేతల చట్టము, పట్టణ విక్రయ సంఘములలో నూటికి 40 మందికి తక్కువ కాకుండ విక్రేతలే యుండవలెనని శాసించుచున్నది. చట్టమునకు నోరున్నది, ఆచరణకు లేదు. 2021 మార్చిలో విజయనగరమున పురపాలక ఎన్నికలు జరిగినవి; శ్రీకాకుళమున జరుగలేదు. ఏండ్లతరబడి ప్రత్యేకాధికారి యేలిన ఊరిలో ప్రజాభిప్రాయ సేకరణ యను మాట వినుటకే వింతగా నుండును.

స్టేషనన్న మన జిల్లాలవారికి వలసకు ద్వారము. 2014 జూన్‌లో చెన్నపురి మౌలివాక్కమున కట్టుచున్న అంతస్తుల మేడ కూలి 61 మంది మృతిచెందగా, వారిలో పలువురు ఈ రెండు జిల్లాల కూలీలు. పరుల నగరములను కట్టి యిచ్చుచున్న జనులకు తమ యూరి స్టేషనుచుట్టు ఏమి కట్టవలెనో చెప్పు హక్కు లేదనుట ఏ ధర్మము?

మేము కోరునది భిక్ష కాదు. 30 లక్షల గీత చెఱిపి, జంక్షన్లును జిల్లా కేంద్రములును గల పట్టణములన్నిటికిని ఈ గ్రాంటును వర్తింపజేయవలెను. ఆ ధనము విశాఖ మీదుగా గాక పురపాలక సంఘము చేతికి నేరుగా రావలెను. శ్రీకాకుళము, ఆమదాలవలస, నడుమ పంచాయతీలు కలసి యొక సంఘముగా కూర్చుండవలెను. గ్రాంటులో కొంతభాగము ప్రజలను కలిసికొనుటకే కేటాయించి, పటములను తెలుగు వ్రాతతో స్టేషనులోను, ఆర్టీసీ కాంప్లెక్సులోను, గ్రంథాలయములలోను వ్రేలాడదీయవలెను. సభలు పగటి పదకొండు గంటలకు కలెక్టరు కచేరీలో గాక, బజారు కట్టివేసిన పిదప ఏడు రోడ్ల కూడలియొద్ద జరుపవలెను. వచ్చిన ప్రతి ఆక్షేపణకును, త్రోసివేసినచో ఏల త్రోసివేసిరో, వ్రాతమూలముగా జవాబీయవలెను.

ముసాయిదా వెలువడినంతనే గడువు నడువనారంభించును. చదువరులు తమ పఠనమందిరమున ఒక పటమును, ఒక కాగితపు దస్తాను ఇప్పుడే సిద్ధపఱచి యుంచుకొందురుగాక. అక్షరములు రానివారి ఆక్షేపణలను వ్రాసిపెట్టుటకు మేమును, మావంటి వకీళ్లు కొందఱును ఆదివారములందు ఫీజు లేక కూర్చుండుటకు సిద్ధముగా నున్నాము.