కళామైత్రికి కార్యశాల

దేశాల మధ్య కళామైత్రి సన్మానసభలలో కంటె పని జరిగే చోట గట్టిపడుతుంది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనంలో చిత్రకళ నేర్చి, లండన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ స్థాపించిన ‘అటెల్యే 17’ ముద్రణశాలలో నానాదేశాల కళాకారులతో కలిసి పనిచేశారు. ఒకే లోహఫలకంపై, చిక్కదనం వేరువేరుగా ఉన్న సిరాలు పూసి పలు వర్ణాలు ముద్రించే విధానం ఆ ఉమ్మడి కృషిలోనే రూపొందింది.

అట్టి వసతి మన గడ్డపైనా ఏర్పడాలి. రాయదుర్గంలో 2022లో ప్రారంభమైన టీ-హబ్ నూతన భవనం కొత్త సంస్థలు స్థాపించే యువకులను ఒకే కప్పు క్రిందికి చేర్చింది. ఆ చెంతనే చేర్యాల చిత్రకారుడు, పరదేశపు కళాకారుడు కొన్ని నెలలు ప్రక్కప్రక్కన కూర్చుండి పనిచేసే కార్యశాల వెలస్తే, దానిని చూచిన విద్యార్థికి ప్రపంచం పాఠ్యపుస్తకంలోని పటంగా మిగిలిపోదు. దండ వేసి అతిథిని పంపడం మర్యాద. పనిముట్టు పంచుకోవడం మైత్రి.