సంచిలో రెండు తూనికరాళ్లు
కుందేలు కంట్లో రసాయనం వేసి మంట చూసే పరీక్ష 1944 నాటిది. సౌందర్య సాధనాలకు జంతువులపై పరీక్షలను, అలా పరీక్షించిన సరుకు దిగుమతిని మన ప్రభుత్వం 2014లో నిషేధించింది. సంతోషమే. అయితే ఇతర దేశాల్లో ‘జంతుహింస లేదు’ అన్న కొన్ని సంస్థలే చైనా మార్కెట్టు కోసం ఆ పరీక్షలకు ఒప్పుకున్నాయి. 2021లో చైనా సాధారణ దిగుమతి క్రీములకు షరతులతో సడలింపు ఇచ్చింది, చర్మాన్ని తెల్లబరిచే వాటికి తప్ప. మనవారి మోజేమో వాటిమీదే!

సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు తూనికరాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం వర్తకుణ్ణి హెచ్చరిస్తుంది. కళ్లంలో ధాన్యం తొక్కే ఎద్దు నోరు కట్టవద్దన్నదీ ఆ అధ్యాయమే. మన సంఘాల్లో సబ్బులు, క్రీములు చేసి అమ్మే సహోదరీలున్నారు. జంతుహింస లేదని డబ్బా మీద కుందేలు బొమ్మ వేసేముందు, ముడిసరుకు పంపినవారిని ఈ సంగతి అడిగారా?