ముందు దుప్పటి, ఆ తరువాతే ప్రశ్న



గత నెలలో ఒకనాడు, కొత్తకోటలోని మా మదర్సాలో అసర్ నమాజు ముగిసిన తరువాత, ఒక విద్యార్థి ఉర్దూ వాచకం చాటున మరేదో పుస్తకం పెట్టుకొని చదువుతూ మా కంటపడ్డాడు. పదకొండేళ్ళ బాలుడు. తీసి చూస్తే రంగురంగుల బొమ్మల కథ, అదీ ఇంగ్లీషులో. హైదరాబాదులో చదువుకొంటున్న మేనమామ కొడుకు సెలవులకు వచ్చి ఇచ్చాడట. మందలించాలని నోరు తెరిచాము. అంతలో బాలుడే మమ్మల్ని అడిగాడు: “హజ్రత్, ఇంటికి తిరిగొచ్చినంక సూపర్‌మ్యాన్ ఎందుకు మాట్లాడతలేడు? మా అబ్బా గూడ గిట్లనే కూసుంటుండు.”

ఆ బాలుని తండ్రి ఆరేళ్ళు గల్ఫ్‌లో పనిచేశారు. మధ్యలో ఒక్కసారి మాత్రమే వచ్చిపోయి, రెండు నెలల క్రితం పూర్తిగా ఇల్లు చేరుకొన్నారు. మా మందలింపు గొంతులోనే ఆగిపోయింది.

ఆ పుస్తకాన్ని మదర్సాలో లెక్కలు చెప్పే మాస్టారుగారి చేత చదివించుకొన్నాము. సూపర్‌మ్యాన్ అనే పాత్ర 1938లో అమెరికాలో అచ్చయింది. దానిని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన కుటుంబాల పిల్లలే. మా చేతికి వచ్చిన కథ 2023లో మొదలై పది సంచికలుగా వెలువడినది. క్రిస్టఫర్ ప్రీస్ట్ రచన, కార్లో పగులాయన్ బొమ్మలు. పేరు ‘సూపర్‌మ్యాన్: లాస్ట్’, అంటే ‘తప్పిపోయిన సూపర్‌మ్యాన్’. కథానాయకుడు ఒక పనిమీద వెళ్ళి అంతరిక్షంలో దారి తప్పుతాడు. ఇంట్లో ఉన్న భార్య లోయిస్ లెక్కలో అతడు వెళ్ళి ఎంతోసేపు కాలేదు. అతని లెక్కలో మాత్రం ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. తిరిగివచ్చి తన ఇంట్లోనే పరాయివానిలా మౌనంగా కూర్చుంటాడు.

మానవుడు ఆకాశంలో ఎగరడం, కొండలను ఎత్తడం కల్పన. శక్తిసామర్థ్యాలు సర్వం అల్లాహ్‌వే అని మా విద్యార్థులకు ఆనాడే మరోసారి చెప్పాము. అయితే ఆ కథలో కల్పన కానిది ఒకటి ఉంది. దూరంలో ఉన్నవానికీ, ఇంట్లో ఉన్నవారికీ కాలం ఒకే లెక్కన గడవదు. ఈ సత్యం తెలుసుకోవడానికి పాలమూరు నేలకు అమెరికా పుస్తకం అవసరం లేదు. మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకొని ఆనకట్టల పనులకూ, ముంబై, పుణె నగరాలకూ వెళ్ళి, చినుకు పడగానే తిరిగివచ్చిన తరాలు మనవి.

మా నాన్నగారు అలా వెళ్ళినవారే. 1970లలో శ్రీశైలం ఆనకట్ట పనిలో ఉండేవారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెల్లవారుజామున వచ్చేవారు. సిమెంటుకు పగిలిన చేతులు. భుజాన ఒక మూట. మేము అమ్మ కొంగు చాటున నిలబడి చూసేవాళ్ళం. నీళ్ళు ఏ బిందెలో ఉన్నాయో ఆయనకు తెలిసేది కాదు. తన ఇంట్లో తానే అడిగి తాగేవారు. మాకు ఏడేళ్ళున్నప్పుడు ఒకసారి ఆయన వచ్చిన మూడవనాడు, “అమ్మీ, ఈయన ఎప్పుడు పోతాడు?” అని అడిగాము. గోడకు ఆనుకొని కూర్చున్న నాన్నగారు విన్నారు. ఏమీ అనలేదు. లేచి బయటికి వెళ్ళి, పాడైన గుమ్మం తలుపును మధ్యాహ్నందాకా బాగుచేస్తూ కూర్చున్నారు. ఆయన ఇహలోకం విడిచి చాలా ఏళ్ళయింది. ఆ ప్రశ్న మాత్రం నేటికీ మా దుఆలలో క్షమాభిక్షగా మారి వస్తూనే ఉంది.

హదీసు పాఠం చెప్పే ప్రతి సంవత్సరమూ మేము మొదటి వహీ ఘట్టం బోధిస్తాము. దాని అంతరార్థం ఒకటి ఈ బాలుని ప్రశ్నతో మాకు కొత్తగా తెలిసివచ్చింది. హిరా గుహలో జిబ్రయీల్ (అలైహిస్సలాం)ను చూసిన తరువాత మహాప్రవక్త (స) వణుకుతూ ఇంటికి చేరుకొన్నారు. తనకు దుప్పటి కప్పమన్నారు. హజ్రత్ ఖదీజా (రజి) ముందు దుప్పటి కప్పారు. భయం తగ్గిన పిమ్మటనే ఆయన జరిగినది వివరించారు. అప్పుడామె, ఆయన బంధుత్వాలను ఆదరించేవారనీ, బలహీనుల భారం మోసేవారనీ, అతిథులను సత్కరించేవారనీ గుర్తుచేసి, అల్లాహ్ ఆయనను ఎన్నటికీ అవమానపరచడని ధైర్యం చెప్పారు. సమస్త మానవాళికి మార్గదర్శకులు కానున్న మహనీయులు ఇల్లు చేరిన క్షణంలో ఆ ఇల్లాలు ముందుగా చూసినది ఆయన వణుకునే. ముందు దుప్పటి, ఆ తరువాతే ప్రశ్న.

మన ఇళ్ళలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతున్నది. మనిషి గుమ్మం దాటకముందే పెట్టె తాళం కోసం చేతులు చాస్తాము. ఎంత మిగిల్చావు, ఇల్లు ఎప్పుడు కడతావు, చెల్లెలి పెళ్ళికి ఏమిస్తావు అని అడుగుతాము. ఎండలో ఎన్ని గంటలు నిలబడ్డావు, జ్వరం వస్తే గంజి ఎవరు కాచి ఇచ్చారు అని అడిగేవారు అరుదు. పంపిన డబ్బును బట్టి అతడిని వీరునిగా చూసినవారే, ఉద్యోగం వదిలి వచ్చాడనగానే దోషిగా చూస్తారు.

తిరిగివచ్చేవారికీ కర్తవ్యాలున్నాయి. సుదీర్ఘ ప్రయాణం నుండి రాత్రివేళ చెప్పకుండా ఇంటిమీదికి రావద్దని మహాప్రవక్త (స) వారించారు. ఇంటివారు సిద్ధపడేందుకు వ్యవధి ఇవ్వడం, వారి తప్పులు వెదికే ఉద్దేశం లేకపోవడం ఆ బోధనలోని మర్మం. ఇన్నేళ్ళు ఒంటరిగా ఇల్లు నడిపిన ఇల్లాలిని వచ్చిన మరునాడే లెక్కలడగడం ఈ మర్యాదకు విరుద్ధం. ఆయన (స) ప్రయాణం నుండి రాగానే మస్జిదులో రెండు రకాతుల నమాజు చేసేవారు. ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పోయిన చోటు తిరిగి దొరికేది అధికారంతో కాదు, ఇలా చిన్న పనుల్లో చేయి వేయడంతోనే.

ఇక పిల్లల సంగతి. మహాప్రవక్త (స) ప్రయాణం నుండి వస్తుంటే ఇంటి పిల్లలను ఎదురు తీసుకువెళ్ళేవారు. అలా ఒకసారి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ను తన ముందు, ఫాతిమా (రజి) కుమారుల్లో ఒకరిని తన వెనుక కూర్చోబెట్టుకొని, ముగ్గురూ ఒకే వాహనంపై మదీనాలో ప్రవేశించారు. తండ్రి లేనప్పుడు అతని పేరును బిడ్డల నోట నిత్యం పలికించే తల్లి ఆ ఎదుర్కోలుకు వారిని సిద్ధం చేస్తున్నట్లే.

పుస్తకాన్ని బాలునికి తిరిగి ఇచ్చేశాము. చదువువేళ తేవద్దని మాత్రం చెప్పాము. అతని ప్రశ్నకు మా జవాబు ఇది: “మీ అబ్బా చాలా దూరం నుండి వచ్చారు బేటా. ఆయన శరీరం ముందు వచ్చింది, మనసు దారిలో ఉంది. మాట్లాడమని అడగకు. పక్కన కూర్చో.”

మొన్న జుమా నాడు తండ్రీకొడుకులు ఒకే సైకిల్‌పై మస్జిదుకు వచ్చారు. తండ్రి ఇంకా ఎక్కువగా మాట్లాడటం లేదు. వుజూ చేసేచోట కొడుకు ఆయన చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. ఆయన చేతులు చాచి నిలబడ్డారు.

దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలనూ, అన్నదమ్ములనూ, తండ్రులనూ అల్లాహ్ క్షేమంగా ఇంటికి చేర్చుగాక. వారికి దుప్పటి కప్పే చేతులను ప్రతి ఇంట్లో ఉంచుగాక. ఆమీన్.